ఇరవై లీటర్ల పురుడు

కాజీపేట చౌరస్తా కాడ యాకూబ్ దుకాణంల
ఆరు నియాన్ టెట్రాలు కొన్న.
పాలిథిన్ కవర్ల ఆరు నీలి గీతలు
స్కూటర్ హ్యాండిల్‌కు ఊగుకుంట
ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కి దిగినయి.

"ఇంటికి పోంగనే తొట్టిల ఇడువకు అన్నా,
నా మాలే, నేనే చెప్తున్న" అన్నడు యాకూబ్.
అమ్మేటోడే తన సరుకు మీద అనుమానం పెట్టుకొమ్మంటే
ఇగ బేరం ఏమాడుత?
చిల్లర గుడ అడగలే.

నిరుడు ఇనలే నేను.
ఒక్క గప్పీ
తోక మీద ఉప్పురవ్వంత చుక్కతోని ఇల్లు జొచ్చింది.
అయిదొద్దులకు అందరి ఒంటి మీద రవ్వలే.
రాళ్లకు రాసుకుంట, పక్కలకు ఒరుగుకుంట
తొమ్మిది పోయినయి.
పాత పేపర్ల చుట్టి కరివేపాకు చెట్టు మొదట్ల పెట్టినం.
ఆ ఎండకాలం చెట్టు మస్తు చిగురేసింది.
పప్పులకు నాలుగు రెబ్బలు తెంపబోతే
మా స్ఫూర్తి కొమ్మ పట్టుకొని నిలవడ్డది.

మిగిలింది ముసలి గౌరామీ ఒక్కటే.
దాని కోసమే ఈ తిప్పలన్నీ.

నీళ్ల క్యానుకు మెడ కోసి
అంచుకు సైకిల్ ట్యూబు తొడిగిన.
పెద్ద తొట్టిల నెల దినాలు నానిన స్పాంజి,
రైల్వే స్టేడియం గోడ పక్క రాలిన బాదమాకు ఒకటి.
తెల్లారేసరికి నీళ్లు పలుచటి డికాక్షన్ రంగు.
వేరే జాలి, వేరే గిన్నె, వేరే పైపు.
ముందు తొట్టికి మేత, తర్వాతనే క్యానుకు,
అటు పెట్టిన చెయ్యి ఇటు రావొద్దు.

"ఎన్ని దినాలు?" అన్నది స్వరూప.
ఇరవై ఒకటి అన్న.
"వంటింట్ల పురుడు పెట్టినవు,
తొట్టెల గుడ కట్టు" అని
సిలిండర్ ఇటు జరిపింది.

నాకు షెడ్డు భాష తప్ప రాదు.
పిట్ లైన్ల కిందికెళ్లి టార్చేసి చూడంది
ఏ ఇంజనునూ మెయిన్ లైను ఎక్కనియ్యం.
అది తప్పు చేసిందని కాదు,
ఏ దారెంట వచ్చిందో మనకు తెల్వదని.

తొమ్మిదో రాత్రి గాలిదుమారం.
సోమిడి దిక్కు మెరిసింది, కరెంటు పోయింది.
పంపులు రెండు, బ్యాటరీ ఒక్కటే.
ముసలిదాన్ని చూసిన, క్యానును చూసిన,
వైరు పట్టుకొని నడుమ నిలవడ్డ.
"పెద్దదానికి పెట్టు" అని
స్వరూప కొంగు దోపి కింద కూసున్నది.
లోటాతోని ముంచుడు, జానెడెత్తు నుంచి పోసుడు,
ముంచుడు, పోసుడు.
మైనపు వత్తి రెండు మార్లు మార్చిన.
ఆమె చెయ్యి మార్చలే.

పన్నెండో నాడు అయిదే లెక్కకొచ్చినయి.
ఆరోది బాదమాకు కింద
నీలం దిగిపోయి, దారంపోగు లెక్క.
ఫోన్ల యాకూబ్ ఎంతసేపు మాట్లాడలే.
"మళ్ల ఒకటి నుంచి లెక్కవెట్టు అన్నా."

క్యాలెండర్ మీద గీసిన గీతలు
స్ఫూర్తి రబ్బరుతోని తుడిచింది. పెన్నుగీతలు, పోలే.
వాటి మీదనే కొత్త రంగుతోని మొదలువెట్టింది.

మొత్తం ముప్పై మూడొద్దులు.
ఆయితారం పొద్దుగూకినంక
లైటు బంద్ చేసి, గిన్నెతోని తేలేసి,
గంటసేపు నీళ్లకు నీళ్లు కలిపి
అయిదింటిని ఇడిచినం.
ఒక్క మూలకు కుప్పవడ్డయి.
ముసలి గౌరామీ మీసాలు సాపి
ఒక్కొక్కదాన్నీ తడిమి చూసింది.
దాని తనిఖీ అయ్యేదాంక
మేమెవ్వరం ఊపిరి తీయలే.

రాత్రి వంటింట్ల ఉత్త క్యాను
చేపలు లేకున్న బుడగలు ఇడుస్తున్నది.
స్విచ్చు మీద చెయ్యి పెట్టిన.
"బంద్ జెయ్యకు" అన్నది స్వరూప.
ఎందుకే?
బోళ్లు తోముకుంట అటే తిరిగి ఉన్నది.
"ఉండనీ."